విశ్వసనీయ వర్గాలు

ఉచ్చీరప్ప పుస్తకం రాశాడన్న సంగతి ఆదోనిలో అందరికన్నా ముందు తెలిసింది విలేకరులకే. ఆ సంగతి తెలియనట్టు అందరికన్నా ఎక్కువ కాలం ఉండగలిగిందీ వాళ్లే.

ఉచ్చీరప్ప ఇరవై తొమ్మిదేళ్లు పోలీసు నిఘా విభాగంలో పనిచేసి హెడ్ కానిస్టేబులుగా రిటైరైన మనిషి. పేరుకు రహస్య ఉద్యోగం. ఖాకీ వేసుకోడు, లాఠీ పట్టడు, తానెవరో ఎవరికీ చెప్పడు. అయినా ఆయన పత్తి మార్కెట్లో అడుగుపెడితే హమాలీలు "సీక్రెట్ సార్ వచ్చినాడు, కుర్చీ ఎయ్యండప్పా" అనేవాళ్లు. ఏ సంఘం మీటింగు పెట్టినా ముందు వరసలో ఆయనకో కుర్చీ ఉండేది. రావడం ఆలస్యమైతే ఆయన కోసం ఆగేవాళ్లు కూడా. ఆయన రాసుకోకపోతే మీటింగు జరిగిందని ప్రభుత్వానికి తెలిసేదెట్లా?

అలాంటి మనిషి రిటైరైన మూడేళ్లకు రెండొందల నలభై పేజీల పుస్తకం అచ్చేయించాడు. పేరు 'ఇరవై తొమ్మిదేళ్ల భోగట్టా'. తాను పైకి పంపిన రిపోర్టుల్లో ఏది కళ్లతో చూసి రాసిందో, ఏది ఎవరో చెబితే రాసిందో, ఏది టీకొట్లో కూర్చుని తోచినట్టు రాసిందో తేదీలతో సహా అందులో చెప్పేశాడు. మూడో రకానివే ఎక్కువ.

ఆదోనిలో ఓ లాడ్జీ మేడ మీద ప్రెస్ మీట్ పెడితే ఏడుగురు విలేకరులు వచ్చారు. 'తెలుగు నగారా' పేపరు ఆదోని విలేకరి సెలవులో ఉండడంతో డెస్కు వాళ్లు ఎమ్మిగనూరు విలేకరి జయరాంను పంపించారు. జయరాం ఆ పేపరుకు పందొమ్మిదేళ్లుగా రాస్తున్నాడు. ఉచ్చీరప్పకు పాత స్నేహితుడు. ఆయన ఎమ్మిగనూరు డ్యూటీలో ఉన్నన్నాళ్లూ ఇద్దరూ బస్టాండు దగ్గర ఒకే టీకొట్లో, ఒకే బల్ల మీద ఎదురెదురుగా కూర్చునేవారు.

ఏడుగురూ ఉగ్గాని తిన్నారు, బజ్జీలు తిన్నారు. ఉచ్చీరప్ప లేచి నిలబడి, తన రిపోర్టుల వల్ల ఏ తప్పూ చేయనివాళ్లు తొమ్మిది మంది కేసుల పాలయ్యారనీ, వాళ్లలో ఒకాయన పద్నాలుగు నెలలు జైల్లో ఉన్నాడనీ, ఇదంతా తాను ఎవరి ముందైనా చెప్పడానికి సిద్ధమనీ అన్నాడు. ఏడుగురూ రాసుకున్నారు. తలా ఒక పుస్తకం చంకలో పెట్టుకున్నారు. 'ఆంధ్ర పొద్దు' విలేకరి తిరుపాల్ ఉచ్చీరప్ప చెయ్యి పట్టుకుని, "చాలా ధైర్యం చేసినావన్నా, ఇది స్టేట్ పేజీకి పోయే వార్త" అన్నాడు.

మర్నాడు అది ఏ పేజీకీ పోలేదు. 'నగారా' జిల్లా పేజీలో, జయరాం పంపిన వార్త రావలసిన చోట, కౌతాళం దగ్గర ఓ రైతు తోటలో వినాయకుడి ఆకారంలో కాసిన వంకాయ ఫోటో వచ్చింది. మూడు కాలమ్‌ల ఫోటో. 'ఆంధ్ర పొద్దు'లో కుక్కపిల్లకు పాలిస్తున్న కోతి. మిగిలిన ఐదు పేపర్లూ తమతమ శక్తిమేరకు అదే స్థాయి విషయాల మీద దృష్టి పెట్టాయి. స్టేట్ పేజీలో ఆరోజు 'నిఘా వర్గాల హెచ్చరికతో రాష్ట్రమంతటా అప్రమత్తత' అని ఓ పెద్ద వార్త ఉంది. ఏ నిఘా వర్గమో, ఏం హెచ్చరించిందో అందులో లేదు. అవతలివాళ్లు ఏమన్నారో అసలే లేదు.

రెండు రోజులు చూసి జయరాం కర్నూలు డెస్కు ఇన్‌చార్జి శేషప్పకు ఫోన్ చేశాడు.

"సార్, మొన్న ఆదోని ఐటెం పంపినా. రాలేదు."

"చూసినానప్పా. మంచి ఐటెం."

"పుస్తకం ఇంకో కాపీ కూడా బస్సులో పంపినా. అందిందా సార్?"

"అందింది. రెండుసార్లు చదివినా. ఇంత మంచి పుస్తకం నేను ఈ మధ్య చదవలేదు జయరాం."

"మరి వెయ్యలేదేం సార్?"

"అందుకేనప్పా."

ఆ మాట నోరు జారి వచ్చినట్టుంది. శేషప్ప గొంతు సవరించుకుని అసలు కారణాల్లోకి వచ్చాడు. మొదటిది, స్థలాభావం. రెండోది, పుస్తకాల సమీక్షలు ఆదివారం అనుబంధం వాళ్లు చూసుకుంటారు. ఆ అనుబంధంలో సమీక్షల పేజీ తీసేసి ఎనిమిదేళ్లయింది, అయినా అది వాళ్ల పరిధే. మూడోది, బ్యాలెన్స్ లేదు. "ఒకే పక్షం ఉందప్పా ఇందులో. డిపార్టుమెంటోళ్ల వివరణ తీసుకో. అప్పుడు చూద్దాం."

తమ పేపరుకు బ్యాలెన్స్ మీద అంత పట్టింపు ఉందని జయరాంకు ఆరోజే తెలిసింది. 'నిఘా వర్గాల కథనం ప్రకారం' అని మొదలుపెట్టి ఈ పందొమ్మిదేళ్లలో ఎన్ని వార్తలు రాసి ఉంటాడో లెక్కలేదు. అవతలి పక్షం ఏమంటుందో కనుక్కోమని ఒక్కసారి కూడా ఎవరూ చెప్పలేదు.

సరే, చెప్పినపని చేయాలి కదా అని నిఘా విభాగంలో తెలిసిన అధికారికి ఫోన్ చేశాడు. అధికారి చాలా మర్యాదస్తుడు.

"అలాంటి పుస్తకమేదీ మా దృష్టికి రాలేదండీ."

"మీ దృష్టికి రాలేదని మీరన్నట్టు రాసుకోవచ్చా సార్?"

"అయ్యో, అది కూడా వద్దు. దృష్టికి రానిదాని గురించి మేం మాట్లాడితే ఏం బాగుంటుంది?" అని, పెట్టేయబోతూ ఆగి, "అవునూ, ఆ నూట పన్నెండో పేజీలో 'జె' అని ఎమ్మిగనూరు విలేకరి ఒకాయన వస్తాడే, అది ఎవరైవుంటారు? మీకేమన్నా ఐడియా ఉందా?" అన్నాడు.

జయరాం ఐడియా లేదన్నాడు. నిజంగానే లేదు. మిగిలిన ఆరుగురు విలేకరుల్లాగే అతనూ పుస్తకం తెరిచి చూడలేదు. వెనక అట్ట మీదున్న నాలుగు మాటలతో ఆరు లైన్లు రాసి పంపించాడంతే. ఫోన్ పెట్టేసి, సోమప్ప సర్కిల్ నుంచి ఇంటికి పోయి, చెప్పులు విప్పకుండానే నూట పన్నెండో పేజీ తీశాడు.

'పన్నెండేళ్ల కిందటి జూన్ నెల,' అని రాశాడు ఉచ్చీరప్ప. 'ఆ వారం రిపోర్టులో రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. ఏమీ లేదని రాస్తే, ఏమీ లేనిచోట నీకు పనేముందని పైవాళ్లు అడుగుతారు. ఎదురుగా 'జె' కూర్చుని ఉన్నాడు. వాళ్ల పేపర్లో ఆరోజు అరపేజీ ఖాళీగా ఉందంట. హాలహర్వి కొండల్లో కొత్త మనుషులు తిరుగుతున్నారంట అని నేను అన్నాను. నాకు ఎవరు చెప్పారంటే ఎవరూ చెప్పలేదు. ముందురోజు బస్సులో ఇద్దరు మాట్లాడుకుంటుంటే సగం విన్నాను. ఆ సగాన్ని 'జె' వార్త చేశాడు. విశ్వసనీయ వర్గాల భోగట్టా అని రాశాడు. ఆ విశ్వసనీయ వర్గాలు నేనొక్కణ్ణే. మర్నాడు ఆ వార్తను కత్తిరించి నా రిపోర్టుకు జతచేసి, పత్రికలు సైతం ధ్రువీకరిస్తున్నాయి అని రాశాను. పత్రికలంటే 'జె' ఒక్కడే. రెండు రోజులకు 'జె' మళ్లీ రాశాడు, నిఘా వర్గాలు అప్రమత్తమయ్యాయని. అప్రమత్తమైంది కూడా నేనే.'

ఆ తర్వాత జరిగింది తర్వాతి పేజీల్లో ఉంది. కొండల్లో తిరిగేవాళ్లకు తిండి పెడుతున్నదెవరని పైనుంచి అడిగారు. ఒక పేరు కావాలి. అంతకు నెల ముందు, తమ పల్లెలో తాగునీళ్ల బోరు బాగుచేయించమని ఖాళీ బిందెలతో మండలాఫీసు ముందు కూర్చున్న మాదన్న అనే కూలిమనిషి పేరు ఉచ్చీరప్ప నోట్‌బుక్కులో సిద్ధంగా ఉంది. అది ఇచ్చాడు. మాదన్నను జీపులో తీసుకుపోయారు. పదకొండు రోజులు ఎక్కడ పెట్టారో ఎవరికీ తెలియదు. తర్వాత కేసు, జైలు. పద్నాలుగు నెలలకు కోర్టు కొట్టేసింది. ఇంతకీ కొండల్లో తిరిగిన కొత్త మనుషులు గాలిమరల కంపెనీ సర్వేవాళ్లు. ఇప్పుడా కొండల మీద మరలు తిరుగుతుంటాయి; ఆ అపరిచితులెవరో పది కిలోమీటర్ల దూరం నుంచే కనబడుతుంది.

జయరాం పుస్తకం మూశాడు. జీవితంలో మొదటిసారి అతనికి డెస్కు మీద గౌరవం కలిగింది. స్థలాభావం ఎంత మంచిదో తెలిసొచ్చింది. ఇక శేషప్పకు ఫోన్ చేయనక్కర్లేదు. పుస్తకాన్ని బీరువా మీద, పాత క్యాలెండర్ల కింద పెట్టాడు.

మూడోరోజు పొద్దున భార్య సునీత చపాతీలు చేస్తూ అడిగింది. "ఆ పుస్తకంలో జె అంటే నువ్వే గదా?"

"నీకెవురు సెప్పినారు?"

"ఆయప్పే రాసినాడు గదా. మిరపకాయ బజ్జీలో మిరపకాయ తీసి పక్కన పెట్టి, ఉత్త పిండి తినే విలేకరి అని. ఎమ్మిగనూరులో అట్లాటోడు ఇంకొకడు ఉండాడా?"

జయరాం ఆ వాక్యం చూడలేదు. ఇరవై తొమ్మిదేళ్ల నిఘాలో ఉచ్చీరప్ప కళ్లతో చూసి రాసిన అతి కొద్ది నిజాల్లో అదొకటి.

"ఇంక అరెస్టు వార్త కూడా నువ్వే రాసింటావు," అంది సునీత. "ఇడిసిపెట్టినప్పుడు రాసినావా?"

"అప్పుడు పేపర్లో చోటు..." అని జయరాం ఆగిపోయాడు. చోటు సంగతి తర్వాత; అసలు ఆ మనిషిని విడిచిపెట్టారని అతను కనుక్కోనే లేదు. సునీత అతని పళ్లెంలో చపాతీ వేసి వెళ్లిపోయింది. ఆ రోజంతా ఆమె అతన్ని మామూలుగానే చూసింది. అదే అతనికి తట్టుకోలేనట్టు అయింది.

మర్నాడు బండి వేసుకుని ఆదోని పోయాడు. ఉచ్చీరప్ప ఇంటి ముందు వేపచెట్టు నీడలో కూర్చుని, అమ్ముడుపోని పుస్తకాలను దారంతో కట్టలు కడుతున్నాడు.

"అమ్ముడుపోలేదనుకోవద్దు," అన్నాడు ఉచ్చీరప్ప, జయరాం మొహం చూసి. "పన్నెండు కాపీలు ఒక్కరే కొనుక్కపోయినారు. మా డిపార్టుమెంటోళ్లు. అక్కడక్కడ పెన్సిల్‌తో గీతలు పెట్టి సదువుతాండారంట. అంత శ్రద్ధగా చదివేటోళ్లు ఏ రచయితకి దొరుకుతారు?"

"నా గురించి రాసేముందు ఒక మాట సెప్పాల్సింది అన్నా."

"నీ పేరు రాయలేదు గదప్పా."

"మిరపకాయ సంగతి రాస్తివి గదా."

ఉచ్చీరప్ప కట్ట ముడి బిగించి పక్కన పెట్టాడు. "నేను మాదన్న గురించి రాసేముందు ఆయప్పకి ఒక మాట సెప్పినానా? నువ్వు సెప్పినావా?"

జయరాం ఇంకో కట్టకు దారం అందిస్తూ అడిగాడు. "ఇన్నేళ్లు లేనిది, ఇప్పుడెందుకు రాయాలనిపిచ్చింది?"

"మొన్నటేడు హాలహర్వి కాడ పెండ్లికి పోయినా. బంతిలో కూర్చుంటే వడ్డించేదానికి వచ్చినాయప్ప మాదన్న. కాలు ఈడ్చుకుంటా వచ్చినాడు. నాకు తెలిసింది, ఆయప్పకి నేనెవురో తెలీదు. నన్ను యాడ సూసినాడు గనక? అన్నం ఏసినాడు. నెయ్యి ఏసినాడు. 'పెద్దాయనా, ఇంగొంచెం ఎయ్యల్నా' అని అడిగినాడు. నేను వద్దనలేకపోతి. మూడుసార్లు ఏసినాడు. మూడుసార్లూ తింటి." ఉచ్చీరప్ప కట్టల వైపు చూశాడు. "ఆపొద్దు మొదలుపెట్టినా రాసేది."

తర్వాత ఆయన సంగతి చెప్పాడు. పేపరోళ్లు రాయరని తేలిపోయింది కాబట్టి, ఎమ్మిగనూరులో చేనేత సొసైటీ వాళ్ల హాలులో వచ్చే శనివారం జనం ముందే పుస్తకం చదివి వినిపిస్తాడు. దానికి మాదన్నను పిలవాలి. ఒక్కడే పోవడానికి కాళ్లు రావడం లేదు.

"నువ్వు తోడు రావల్ల," అన్నాడు. "సగం నీది గదా."

ఆదివారం ఇద్దరూ ఒకే బండి మీద పోయారు. హాలహర్వి దాటి, నల్లరేగడి చేల మధ్య మట్టిదారిలో మూడు మైళ్లు. మాదన్న చర్చి ప్రార్థన ముగించుకుని అప్పుడే వచ్చినట్టుంది, తెల్లచొక్కాతో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కూతురు అంజలి లోపల మిషను కుడుతోంది. ఉచ్చీరప్ప అరుగు కింద నిలబడే తానెవరో, ఏం చేశాడో చెప్పాడు. వణకకుండా, కళ్లు దించకుండా, కోర్టులో వాంగ్మూలం ఇచ్చినట్టు చెప్పాడు. జయరాం గురించి ఏమీ చెప్పలేదు. అది జయరాం చెప్పుకోవలసినదని కాబోలు.

మాదన్న ఇద్దరినీ పైనుంచి కిందిదాకా చూశాడు.

"కూర్సోండి," అన్నాడు చివరికి. "నిలబడి ఎంతసేపు మాట్లాడతారు?"

కూర్చున్నాక ఆయన నెమ్మదిగా అన్నాడు. "పోలీసోళ్లు కొట్టింది నాకంత బాధ లేదప్పా. వాళ్ల పని వాళ్లు సేసినారు. మా ఊరోళ్లు నమ్మినారే, అది. కొత్తల్లో నమ్మల్యా. పేపరొచ్చినాక నమ్మినారు. పేపర్లో పడిందంటే ఉత్తుత్తిగ రాస్తారా అన్న్యారు. జైల్లో ఉన్నప్పుడు నాకే అనుమానమొచ్చింది. ఎవురో ఇద్దరు టోపీలు పెట్టుకున్యోళ్లు నీళ్లడిగితే సెంబుతో ఇచ్చింటి. వాళ్లేనేమో, నేను తప్పు సేసినానేమో అనుకుంటి. పేపరోళ్లకి తెలిసింది నాకు తెలీదా అని, సానా దినాలు అట్లే అనుకుంటి."

అంజలి మిషను ఆపి బయటికి వచ్చింది. ఉచ్చీరప్ప చేతిలోని పుస్తకం తీసుకుని, నిలబడే ఆ అధ్యాయం చదివింది. కానిస్టేబులు ఉద్యోగానికి పరుగుపందెంలో, రాతపరీక్షలో నెగ్గి, తండ్రి మీద ఒకప్పుడు కేసు ఉందన్న కారణంతో ఆగిపోయిన పిల్ల ఆమె. కొట్టేసిన కేసు అని కాగితం చూపిస్తే, కొట్టేసినా కేసు కేసేనన్నారు.

చదవడం అయ్యాక అడిగింది. "ఈ జె అనేటాయప్ప బతికే ఉండాడా?"

ఉచ్చీరప్ప నేలచూపులు చూశాడు. జయరామే చెప్పాడు. "ఉండాడు."

"ఏం సేస్తాండాడు?"

"పేపర్లోనే ఉండాడు."

"మంచిది," అంది అంజలి. "ఒకరికన్నా ఉద్యోగం ఉండాది."

అప్పుడు చెప్పేయాలనుకున్నాడు జయరాం. నాలుక దాకా వచ్చింది. కానీ మాదన్న లేచి, వచ్చినోళ్లకు మజ్జిగ తెమ్మని కూతురికి చెబుతున్నాడు. మజ్జిగ తాగి, తిరిగి వచ్చేశాడు. ఆదోనిలో బండి దిగుతూ ఉచ్చీరప్ప, "మజ్జిగ బాగుండింది," అన్నాడు. జయరాంకు అంతకన్నా నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదనిపించింది.

శనివారం సాయంత్రం నాలుగింటికి హాలు నిండింది. నేతపనివాళ్లు, ఇద్దరు ముగ్గురు లెక్చరర్లు, మార్కెట్ హమాలీలు, మాదన్న, అంజలి. విలేకరులూ వచ్చారు, ఆరుగురు. వార్త వేయకపోవడం వేరు, రాకపోవడం వేరు. రాకపోతే మర్యాదగా ఉండదు. వెనక వరసలో గళ్ల చొక్కా వేసుకున్న కుర్రకానిస్టేబులు ఒకడు రహస్యంగా కూర్చున్నాడు. సొసైటీవాళ్లు అతన్ని పేరు పెట్టి పిలిచి ముందుకు రమ్మన్నారు. "వద్దులే అన్నా, ఇక్కడే బాగుంది," అన్నాడు.

ఉచ్చీరప్ప ఆ అధ్యాయం చదివాడు. చదవడం అయ్యాక, ఎవరైనా మాట్లాడతారా అని సొసైటీ అధ్యక్షుడు అడిగాడు. లెక్చరరు ఒకాయన లేవబోతుండగా జయరాం లేచాడు. తాను లేస్తానని తనకే తెలియదు. ముందు వరసలో మాదన్న మెడ వెనక భాగం కనబడుతోంది, తెల్లచొక్కా కాలరు మీద చక్కగా వేసిన కుట్టు. దాన్నే చూస్తూ మాట్లాడాడు.

"జె అంటే నేను. జయరాం, తెలుగు నగారా. ఆ రెండు వార్తలూ నేనే రాసినా. అరెస్టు వార్తా నేనే రాసినా. కొండకాడికి పోలేదు, ఊళ్లోకి పోలేదు, ఎవుర్నీ అడగలేదు. మొన్న ఆదివారం వీళ్లింట్లో మజ్జిగ తాగినా. అప్పుడు కూడా సెప్పలేదు."

కూర్చున్నాడు. ఆరుగురు విలేకరులూ, అంతవరకూ మర్యాదకు రాసుకుంటున్నవాళ్లు, ఒకేసారి పెన్నులు మూసి జేబుల్లో పెట్టుకున్నారు. అలవాటున్న పని కాబట్టి ఎవరూ ఎవరికీ సైగ చేసుకోనక్కర్లేకపోయింది. తిరుపాల్ కిటికీలోంచి బయటికి చూడసాగాడు. రాసుకుంటున్నది వెనక వరసలోని కుర్రవాడు ఒక్కడే. అతను చాలా బుద్ధిగా, నాలుక కొంచెం బయటపెట్టి, అక్షరం వదలకుండా రాసుకున్నాడు. "సార్, ఆదివారమా శనివారమా?" అని అడిగి దిద్దుకున్నాడు కూడా.

మాదన్న వెనక్కి తిరిగి జయరాంను చూశాడు. కోపం లేదు, దయ కూడా లేదు. పనిలోకి పిలుద్దామా వద్దా అని మనిషిని చూసే చూపు.

"పేపర్లో ఎయ్యి," అన్నాడు. "అప్పుడు యాడ ఏసినావో ఆడనే."

"ఏస్తా," అన్నాడు జయరాం.

ఆ రాత్రే వార్త పంపాడు. మర్నాడు 'నగారా'లో 'ఎమ్మిగనూరులో ఘనంగా సాహితీ సభ' అని రెండు లైన్లు వచ్చాయి. ఏ పుస్తకమో లేదు, ఎవరు రాశారో లేదు. ఫోటోలో ఉచ్చీరప్ప చేతులు ఉన్నాయి. చేతుల్లో ఉన్నది మాత్రం కత్తిరించారు. సాహిత్యం ఘనంగా ఉన్నప్పుడు పుస్తకంతో పనేముంది?

శేషప్పే ఫోన్ చేశాడు. "నువ్వు సభలో ఏదో మాట్లాడినావంట. మాకు తెలీదు. తెలిస్తే నిన్ను తీసేయాల్సి వస్తుంది, తీసేస్తే ఎందుకని అడుగుతారు, అందుకని తెలీకుండా ఉంటాం. నువ్వు కూడా తెలీనట్టే ఉండు. అర్థమైందా?"

"సార్, సవరణ వెయ్యాల. నాలుగు లైన్లు చాలు."

"పన్నెండేళ్ల తర్వాత సవరణ ఏందప్పా? చదివినోళ్లు కూడా మర్చిపోయింటారు."

"వాళ్ల ఊళ్లో మర్చిపోలేదు సార్."

శేషప్ప చెడ్డవాడేమీ కాదు. పుస్తకం రెండుసార్లు చదివినవాడు. "జయరాం, నాకు కూడా పైన ఒకరుంటారు," అన్నాడు. "ఆయనకు పైన ఇంకొకరు. చిట్టచివర ఎవరున్నారో నేను ఎప్పుడూ చూడలేదు. వద్దని ఇంతవరకు ఎవరూ నాకు చెప్పలేదు కూడా. చెప్పేదాకా తెచ్చుకోగూడదు, అంతే."

జయరాం మర్నాడు అదే నాలుగు లైన్లు పంపాడు. ఆ మర్నాడూ పంపాడు. కరెంటు కోతల వార్త కింద ఒకసారి, ఉల్లి ధరల వార్త మధ్యలో ఒకసారి దూర్చి చూశాడు. డెస్కు వాళ్ల నైపుణ్యం చూసి ముచ్చటేసింది. ఉల్లి ధరలు ఒక్క పైసా చెక్కు చెదరకుండా వచ్చాయి, మాదన్న మాత్రం మాయమయ్యాడు. పదిహేడో రోజున వార్తలు పంపే పాస్‌వర్డు పనిచేయలేదు. ఎవరూ ఏమీ అనలేదు. తీసేసినట్టు కాగితం రాలేదు. పందొమ్మిదేళ్ల ఉద్యోగం, ఉద్యోగమని ఏనాడూ ఎక్కడా రాసిలేనిది కాబట్టి, పోయిందని రాయాల్సిన అవసరమూ ఎవరికీ కలగలేదు. ఇంట్లో ఆ సంగతి చెబితే సునీత, "మంచిదే, ఇంక నలుగురిలోకి పోయి అడిగి రాయడం నేర్చుకో," అంది.

వారం తర్వాత అతను ఆదోనిలో డీటీపీ చేయించుకుని, ఒక కాగితం తీసుకుని మాదన్న ఊరికి పోయాడు. పొద్దున తొమ్మిదింటికి టీ హోటల్ ముందు, పేపరు చదువుకునే బండల మీద, పదిహేను ఇరవై మంది ఉన్నారు. మాదన్నను కూడా అక్కడికే పిలిపించుకున్నాడు. అందరి మధ్యా నిలబడి చదివాడు. పన్నెండేళ్ల కిందట ఫలానా తేదీన ఈ ఊరి మాదన్న గురించి పేపర్లో వచ్చినది అబద్ధమని, రాసింది తానేనని, కొండల్లో తిరిగినవాళ్లు గాలిమరల సర్వేవాళ్లని, మాదన్న వాళ్లకు ఒక చెంబుడు నీళ్లు తప్ప ఇంకేమీ ఇవ్వలేదని.

శ్రద్ధగా విన్నారు. హుసేనప్ప అనే పెద్దాయన కాగితం చేతికి తీసుకుని వెనకా ముందూ తిప్పి చూశాడు.

"ఇది ఏ పేపరప్పా?"

"పేపర్ కాదు. నేనే రాసి తెచ్చినా."

"పేపర్లో పడలేదా?"

"ల్యా. వాళ్లు ఎయ్యలేదు."

"పేపర్లో పడకపోతే నిజమని ఎట్ల నమ్మేదప్పా?" అన్నాడు హుసేనప్ప. వెటకారం కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. ఇద్దరు ముగ్గురు అవునన్నట్టు తలలూపారు. వాళ్లకు ఆ నమ్మకం నేర్పినవాళ్లలో ఒకడు తానే కాబట్టి జయరాం వాళ్లను తప్పుపట్టలేకపోయాడు.

మాదన్న అప్పటిదాకా హోటల్ గుంజకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. కాలు ఈడ్చుకుంటూ ముందుకు వచ్చాడు.

"అప్పుడు రాసినాయప్ప ఈడికి వచ్చినాడా హుసేనప్పా?" అన్నాడు. "ఎవుర్నన్నా అడిగినాడా? నీకు ఆయప్ప మొగం తెలుసా? ఇప్పుడు సూడు, ఎదురుగ నిలబడి సెప్తాండాడు. నీకేం కావల్నో అడుగు. తప్పు సెప్తే ఈడనే పట్టుకో."

హుసేనప్ప ఆలోచించాడు. కొంచెం జరిగి బండ మీద జయరాంకు చోటిచ్చాడు. "సరే, ఇంగోసారి సదువు," అన్నాడు. "మెల్లగ సదువు. నాకు మధ్యమధ్యలో అడిగేటివి ఉండాయి."

జయరాం కూర్చుని మొదటినుంచి చదవడం మొదలుపెట్టాడు. రెండో వాక్యం దగ్గరే ఆపించి అడిగారు. చెప్పాడు. మళ్లీ ఆపించారు. ఎవరెవరో ఎన్నెన్నో అడిగారు, టీకొట్లో ఎవరు ముందు మాట్లాడారని, అప్పుడు ఎందుకు రాలేదని, రాసినందుకు ఎవరైనా మెచ్చుకున్నారా అని. పదకొండింటి బస్సు వచ్చి పోయింది. అన్నిటికీ చెప్పాడు. మెచ్చుకున్నారని కూడా చెప్పాడు.